పూల్ డెక్‌కి ఏ రాయి? ముందు చెప్పులు విప్పండి

పూల్ కట్టించుకునేవాళ్లు నా దగ్గరికి వచ్చేసరికే ఫోన్‌లో ఒక ఫొటో సిద్ధంగా ఉంటుంది. నీలంగా నీళ్లు, చుట్టూ అద్దంలా మెరిసే నల్ల రాయి, పక్కన రెండు వాలు కుర్చీలు. “ఇలాగే కావాలండీ” అంటారు. ఆ ఫొటోల్లో మనుషులు కనపడరు. నీళ్లలోంచి లేచి, ఒంటి మీంచి నీళ్లు కారుతుండగా టవల్ కోసం పరుగెత్తే పిల్లాడు అసలే కనపడడు. రేపు డెక్ మీద, అంటే పూల్ చుట్టూ పరిచిన నేల మీద, రోజూ తిరిగేది మాత్రం వాడే. ఇరవై ఏళ్లకి పైగా పూల్ చుట్టూ నేల పరిచే పనిలోనే ఉన్నాను. ఫొటో చూశాక నేను అడిగే మొదటి మాట ఇన్నేళ్లలో మారలేదు: ఒకసారి చెప్పులు విప్పుతారా?

నా బండిలో ఎప్పుడూ ఒక పెట్టె ఉంటుంది. అందులో అడుగు చదరం శాంపిల్ ముక్కలు ఎనిమిదో తొమ్మిదో, ఒక నీళ్ల సీసా, షాంపూ ప్యాకెట్, సగం కోసిన నిమ్మకాయ, వేడి కొలిచే గన్ థర్మామీటర్, ఒక నాణెం. ఇక్కడ రాస్తున్నదంతా ఆ పెట్టెతో నేను చేసే పనే. మీరూ చేసుకోవచ్చు. షాపులో ఏసీ కింద నిలబడి రాయి ఎంచుకోకండి. ముక్కలు అడిగి తెచ్చుకోండి. పూల్ వచ్చే చోటే పెట్టి చూడండి.

మిట్టమధ్యాహ్నం నిలబడి చూడండి

సొంతంగా పనులు ఒప్పుకోవడం మొదలుపెట్టిన మూడో ఏడు ఒక ఇంటికి నల్ల గ్రానైట్ పరిచాను. అప్పటికి నాకు రాయిలో గట్టిదనం, రంగు తప్ప ఇంకేమీ పట్టేవి కావు. పని చక్కగా వచ్చింది. సందులు దారం పట్టి గీసినట్టు ఉన్నాయి. ఎండలు ముదిరాక ఆ ఇంటి నుంచి ఫోన్ వచ్చింది. వెళ్లేసరికి పూల్ మెట్ల దగ్గర్నుంచి నీడలో ఉన్న కుర్చీ దాకా తడిపిన టవళ్లు వరసగా పరిచి ఉన్నాయి. ఆ ఇంటి పెద్దావిడ మోకాళ్ల నొప్పులకి రోజూ నీళ్లలో నడిచేవారు. ఆ టవళ్ల మీద అడుగు తీసి అడుగు వేస్తూ వస్తున్నారు. ఒక చోట టవల్ పక్కకి జరిగి అరికాలు రాతికి తగిలింది. చటుక్కున కాలు వెనక్కి తీసుకున్నారు. కోడలు పట్టుకోకపోతే పడిపోయేవారే. నన్ను చూసి, “రాయి బాగుంది నాయనా, కాలే ఆనడం లేదు” అన్నారు.

ఆ వారంలోనే మెట్ల నుంచి కుర్చీల దాకా, షవర్ దాకా, నాలుగడుగుల వెడల్పున నల్ల రాయి తీసేసి లేత రంగు ఇసుకరాయి పరిచాను. కూలి తీసుకోలేదు. ఆ తరవాత ఇప్పటివరకు ఎండ పడే డెక్ మీద ముదురు రంగు రాయి పరచనని చెప్పేస్తున్నాను. దానివల్ల పనులు పోయాయి కూడా. పోతే పోనీ.

ఇందులో రెండు సంగతులున్నాయి. ఒకటి రంగు. ముదురు రంగు ఎండని మింగుతుంది, లేత రంగు తిప్పికొడుతుంది. ఇది అందరికీ తెలిసిందే. రెండోది చాలామంది పట్టించుకోరు. ఒకే వేడిలో ఉన్నా రాయి వేరు, చెక్క వేరు. గట్టిగా, బరువుగా ఉన్న గ్రానైట్ తన లోపలి వేడిని అరికాలిలోకి గబగబా దింపేస్తుంది. చెక్క నెమ్మదిగా ఇస్తుంది. సన్న సన్న రంధ్రాలున్న ట్రావర్టైన్ లాంటి రాయి ఈ రెండింటికీ మధ్యలో ఉంటుంది. అందుకే థర్మామీటర్ ఒక్కటే చూసి తేల్చుకోకూడదు, కాలు కూడా పెట్టాలి.

ఎలా చూడాలంటే, బాగా ఎండ కాసే రోజు పొద్దున్నే ముక్కలన్నీ ఆరుబయట నేల మీద పెట్టేయండి. మధ్యాహ్నం రెండు, మూడు గంటల మధ్య వెళ్లండి. పొడి కాలితో ఒక్కో ముక్క మీద నిలబడి నెమ్మదిగా పది అంకెలు లెక్కపెట్టండి. మధ్యలోనే కాలు తీసేయాలనిపించిందంటే ఆ ముక్క పక్కన పడేయండి. ఇంకో మాట. మీ అరికాళ్లు మొద్దుబారి ఉండొచ్చు. పిల్లల చర్మం పలచన. షుగర్ ఉన్న పెద్దవాళ్లకి అరికాళ్లలో స్పర్శ తగ్గి, కాలుతున్న సంగతే తెలియకుండా బొబ్బలు లేస్తాయి. ఇంట్లో అలాంటివాళ్లు ఉంటే మీరు ఓర్చుకోగలిగిన రాయి కంటే ఒక మెట్టు చల్లటిది ఎంచుకోండి.

అలాగని తెల్లగా సున్నం కొట్టినట్టుండే రాయి కూడా వద్దు. ఎండలో ఆ తెలుపు కళ్లలోకి కొడుతుంది. పిల్లలు నీళ్లలో ఉన్నప్పుడు గట్టు మీద కూర్చున్నవాళ్లు కళ్లు చికిలించకుండా వాళ్లని చూడగలగాలి. లేత గోధుమ, ఇసుక రంగు, లేత బూడిద రంగు, ఈ మూడింట్లో ఏదైనా నాకు ఇష్టమే.

సబ్బు నీళ్లు పోసి నడవండి

రాయి మీద ఉత్త నీళ్లు పోసి చూస్తే సరిపోదు. పూల్ పక్కన పడే నీళ్లలో సన్‌స్క్రీన్ ఉంటుంది, ఒంటి నూనె ఉంటుంది, షవర్ దగ్గర షాంపూ ఉంటుంది. అందుకే సీసాలో షాంపూ కలిపి, ముక్క నేల మీద కదలకుండా పెట్టి, దాని మీద ఆ నీళ్లు పోసి, ఒక చేత్తో దేన్నైనా గట్టిగా పట్టుకుని, పాదం ముందుకి తోయండి. జర్రున పోయిందా, పట్టి ఆగిందా అన్నది అక్కడే తెలిసిపోతుంది. పాలిష్ పట్టిన రాయి ఏదైనా సరే, గ్రానైటైనా చలువరాయైనా, ఇక్కడే ఓడిపోతుంది.

టైల్ కొంటుంటే డబ్బా మీద ఆర్ 9, ఆర్ 10, ఆర్ 11 అని ఉంటుంది. అమ్మేవాళ్లు దాన్నే చూపిస్తారు. ఆ అంకె బూట్లు వేసుకున్న మనిషిని నూనె పోసిన వాలు బల్ల మీద నడిపించి ఇచ్చింది. పనిచేసే చోట్లకి అది బాగా పనికొస్తుంది. మనకి కావలసింది ఒట్టి కాళ్ల పరీక్ష. దానికి జర్మన్ ప్రమాణం ఒకటి ఉండేది, డిన్ 51097. ఇప్పుడు దాని స్థానంలో డిన్ ఈఎన్ 16165 వచ్చింది. సబ్బు నీళ్లు పారే బల్ల మీద మనిషిని ఒట్టి కాళ్లతో నడిపిస్తూ, బల్లని కొద్దికొద్దిగా వాలుస్తూ పోతారు. 12 డిగ్రీల వాలు దాకా జారకపోతే ఏ తరగతి, 18 దాకా అయితే బి, 24 దాకా అయితే సి. డెక్‌కి బి తరగతికి తగ్గకుండా అడగండి. నీళ్లలోకి దిగే మెట్లకి, వాలుగా ఉండే చోట్లకి సి అడగండి. కొన్ని చోట్ల ఊగే లోలకంతో కొలిచిన అంకె ఇస్తారు. అది తడిలో 36 గానీ, అంతకంటే ఎక్కువ గానీ ఉండాలి.

సహజమైన రాతికి ఇలాంటి కాగితం దొరకడం తక్కువ. అక్కడ ఫినిష్, అంటే రాయి ముఖాన్ని ఎలా తీర్చారో, చూసుకోవాలి. గ్రానైట్‌ని మంటతో కాల్చి గరుకు చేస్తారు, దాన్నే ఫ్లేమ్డ్ అంటారు. మంట తగలగానే పైనున్న స్ఫటికాలు ఉబ్బి చిట్లి, రాయి ముఖం గరుకుగా తేలుతుంది. సున్నపురాయి జాతికి మంట పనికిరాదు, రాయి పాడవుతుంది. దానికి ఇసుక కొట్టడం, ముళ్ల సుత్తితో చెక్కడం, బ్రష్ పట్టడం లాంటివి ఉన్నాయి. నాపరాయిలా పొరలుగా చీలే రాళ్లకి ఆ చీలిన ముఖమే గరుకుగా ఉంటుంది. కాకపోతే పొరలు లేచి అంచులు కోసుకునేలా ఉన్నాయేమో వేలితో తడిమి చూడాలి.

గరుకు ఎక్కువైనా కష్టమే. పిల్లలు గట్టు మీద మోకాళ్లతో పాకుతారు, కూర్చుని జరుగుతారు. నేను ముంజేతి లోపలి భాగాన్ని రాతి మీద అదిమి ఒక జానెడు మేర లాగి చూస్తాను. చర్మం ఎర్రబడితే ఆ రాయి గట్టు అంచుకి వాడను. పైగా అతి గరుకులో మట్టి చేరుతుంది, ఆ మట్టి మీద పాకుడు పడుతుంది, పాకుడు పట్టాక ఎంత గరుకు రాయైనా జారుతుంది.

నిమ్మకాయ ఎందుకంటే

పూల్ నీళ్లు మామూలు నీళ్లు కావు. వాటి పీహెచ్, అంటే ఆమ్లమా క్షారమా చెప్పే అంకె, 7.2 నుంచి 7.8 మధ్య ఉంచాలి. పెరిగితే దించడానికి చాలామంది వాడేది హైడ్రోక్లోరిక్ యాసిడ్. ఆ క్యాన్ ఎప్పుడో ఒకప్పుడు డెక్ మీద దించుతారు. ఒక చోట నేను పరిచిన ట్రావర్టైన్ గట్టు మీద, ఫిల్టర్ గదికి దగ్గరగా, క్యాన్ అడుగు ఎంత ఉందో అంత గుండ్రటి మచ్చ పడింది. రాయి ముఖం అక్కడ పంచదార పలుకుల్లా గరగరలాడుతోంది, రంగు తేలిపోయింది. క్యాన్ అడుగున అంటుకున్న నాలుగు చుక్కలే ఆ పని చేశాయి. ట్రావర్టైన్, చలువరాయి, సున్నపురాయి అన్నీ కాల్షియం కార్బొనేటే. యాసిడ్ తగిలితే నురగ వచ్చి కరిగిపోతాయి. మచ్చ తుడిస్తే పోదు, రాయి మార్చాల్సిందే.

రాయి ఏ జాతిదో అమ్మేవాళ్లకే తెలియని సందర్భాలు చాలా చూశాను. అందుకే నిమ్మకాయ. ముక్క మూల మీద రెండు చుక్కలు పిండి, పది నిమిషాలు ఆగి తుడవండి. సన్నటి బుడగలు వచ్చినా, తుడిచాక అక్కడ మెరుపు పోయి మసకబారినా, అది సున్నపు జాతి రాయి. అంతమాత్రాన పనికిరాదని నేననను. ట్రావర్టైన్ నాకు చాలా ఇష్టమైన రాయి. కాలికి హాయిగా ఉంటుంది, ఎండలో కళ్లకి మెత్తగా కనపడుతుంది. దాన్ని ఎంచుకుంటే యాసిడ్ క్యాన్‌కి ఫిల్టర్ గదిలోనే ఒక ప్లాస్టిక్ తొట్టె పెట్టండి, డెక్ మీదికి రానివ్వకండి. ఎప్పుడైనా ఒలికితే చూస్తూ నిలబడకుండా వెంటనే పుష్కలంగా నీళ్లు కొట్టండి.

ఇక ఉప్పు నీటి పూల్. క్లోరిన్ డబ్బాలు కొనే పని లేకుండా, నీళ్లలో కలిపిన ఉప్పు నుంచే క్లోరిన్ తయారుచేసే యంత్రం పెడతారు. ఆ నీళ్లలో లీటరుకి 3 నుంచి 4 గ్రాముల ఉప్పు ఉంటుంది. సముద్రపు నీళ్లలో 35 గ్రాముల దాకా ఉంటుంది కాబట్టి ఇది తక్కువే అనిపిస్తుంది. అయితే డెక్ మీద పడిన నీళ్లు ఆరిపోతాయి, ఉప్పు మిగిలిపోతుంది. మళ్లీ నీళ్లు పడతాయి, మళ్లీ ఆరతాయి. రాతి రంధ్రాల్లోకి ఇంకిన ఉప్పు లోపలే పలుకులు కట్టి, ఉబ్బి, రాయి ముఖాన్ని పెచ్చులు పెచ్చులుగా లేపేస్తుంది. మెత్తటి ఇసుకరాయి, మెత్తటి సున్నపురాయి దీనికి ముందు లొంగిపోతాయి. గట్టు అంచుల్లో, నీళ్లు చిందే మొదటి రెండడుగుల్లో ఈ నష్టం ఎక్కువ.

ఎంత ఇంకుతుందో తెలుసుకోవడానికి పెద్ద పరికరాలేం అక్కర్లేదు. పొడి ముక్క మీద చెంచాడు నీళ్లు పోసి గడియారం చూసుకోండి. ఒకటి రెండు నిమిషాల్లో నీళ్లు మాయమై రాయి నల్లబడితే అది బాగా తాగే రాయి. పావుగంటకి కూడా బొట్టు బొట్టుగానే ఉంటే గట్టి రాయి. ఉప్పు నీటి పూల్‌కి ఈ రెండో రకమే వాడండి. గడ్డకట్టే చలి ఉండే చోట కూడా ఇదే పద్ధతి. నీరు గడ్డకడితే దాదాపు 9 శాతం ఉబ్బుతుంది. రాతి లోపల ఉబ్బితే రాయి పగులుతుంది.

నీళ్లు ఇంకకుండా ఆపే సీలర్ పైన పూస్తే సరిపోదా అని అడుగుతారు. సీలర్లు రెండు రకాలు. లోపలికి ఇంకిపోయేది ఒకటి, పైన పొరలా పేరుకునేది ఇంకోటి. ఇంకేదాన్ని వాడండి. అది రాయి రంగునీ గరుకునీ మార్చకుండా నీళ్లని ఆపుతుంది. కొన్నేళ్లకోసారి మళ్లీ పూయాలి. పొర కట్టేది కొత్తలో తళతళలాడుతుంది గానీ గరుకునంతా పూడ్చేస్తుంది, తడిస్తే జారుతుంది. సీలర్ ఏదైనా శాంపిల్ ముక్క మీద ముందు పూసి, ఆరాక మళ్లీ షాంపూ నీళ్లతో నడిచి చూశాకే డెక్ మీదికి తీసుకెళ్లండి.

ఒక్కో దాని గురించి నా అనుభవం

సాదా కాంక్రీట్‌ని తక్కువ చేసి చూడకండి. తడి ఆరకముందే చీపురు లాగి గీతలు తెప్పిస్తే కాలికి పట్టు బాగా ఉంటుంది. ఒకే దిక్కుగా, ఒకే ఒత్తిడితో లాగిన గీతలు చూడటానికీ అందంగానే ఉంటాయి. కాంక్రీట్‌కి పగుళ్లు తప్పవు. ఎక్కడ పగలాలో మనమే నిర్ణయించాలి, అదే కోత గీతల పని. పలక మందానికి 24 నుంచి 30 రెట్ల దూరంలో ఒక కోత ఉండాలి. 10 సెంటీమీటర్ల పలక అయితే 2.4 నుంచి 3 మీటర్లకి ఒకటన్నమాట. పూల్ మూల డెక్‌లోకి పొడుచుకొచ్చిన చోట కూడా తప్పనిసరిగా కోత రావాలి. కోత పెట్టకపోతే పగులు అక్కడే మొదలై ఐమూలగా పాకుతుంది. పోసేటప్పుడు పని తేలిగ్గా సాగాలని నీళ్లు ఎక్కువ కలుపుతుంటారు, ఆ సమయంలో మీరు అక్కడే ఉండి ఆపండి. ఎక్కువ నీళ్లు కలిపిన కాంక్రీట్ పైన పొడి రాలుతుంది. పోశాక కనీసం వారం రోజులు తడి ఆరనివ్వకూడదు. అచ్చులు వేసి రాతిలా కనపడేట్టు చేసే స్టాంప్డ్ కాంక్రీట్ మీద మామూలుగా పొర కట్టే సీలరే కొడతారు. అది కావాలనుకుంటే ఆ సీలర్‌లో జారకుండా ఉండే సన్నటి పొడి కలపమని ముందే ఒప్పందంలో రాయించుకోండి.

ఇంటర్‌లాకింగ్ పేవర్ల గురించి, అంటే సిమెంటు పెట్టకుండా ఇసుక మీద ఒకదానికొకటి ఆనించి పరిచే ఇటుకల గురించి, కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే కొత్త పూల్‌కి నా మొదటి సలహా అదే. పూల్ కోసం గొయ్యి తవ్వినప్పుడు గోడ చుట్టూ ఒకటి రెండు అడుగుల ఖాళీ మిగులుతుంది. గోడ కట్టాక దాన్ని మట్టితో పూడ్చేస్తారు. ఆ మట్టిని పొరపొరగా దిమ్మిస చేయకపోతే ఏడాది రెండేళ్ల పాటు కొద్దికొద్దిగా దిగుతూనే ఉంటుంది. మనం డెక్ పరిచేది సరిగ్గా దాని మీదే. కాంక్రీట్ పలక అయితే కింద డొల్ల ఏర్పడి విరుగుతుంది. పేవర్లు అయితే కుంగుతాయి అంతే. కుంగిన చోట ఓ పాతిక రాళ్లు తీసి, ఇసుక సరిచేసి, అవే రాళ్లు మళ్లీ పెట్టేయొచ్చు. ఒక ఇంట్లో డెక్ కింద పైపు కారింది. పొద్దున ఇద్దరం కలిసి చదరపు మీటరు మేర రాళ్లు తీశాం. పైపు అతికాం. మధ్యాహ్నానికి రాళ్లు ఎక్కడివక్కడ పెట్టేశాం. సాయంత్రం పిల్లలు దాని మీదే ఆడుకున్నారు. ఎక్కడ తవ్వామో చూపించమంటే నేనే వెతుక్కోవాల్సి వచ్చింది. పేవర్ల కింద గట్టిగా దిమ్మిస చేసిన కంకర పొర, దాని మీద అంగుళం మందాన ఇసుక ఉండాలి. చుట్టూ అంచు కదలకుండా కట్టాలి. ఇటుక ఇటుకకీ మధ్య సందుల్లో ఇసుక కొట్టుకుపోతుంటే ఏడాదికోసారి మళ్లీ చిమ్మాలి. కలుపు మొక్కలు వస్తే పీకాలి. ఆ మాత్రం పని ఉంటుంది.

పోర్సిలిన్ పలకలు ఈమధ్య బాగా వాడుతున్నారు. ఆరుబయటకి 20 మిల్లీమీటర్ల మందం ఉన్నవి వస్తాయి. నీళ్లు పీల్చడం 0.5 శాతానికి మించదు కాబట్టి ఉప్పుకీ యాసిడ్‌కీ చలికీ బెంగ లేదు. ఒట్టి కాళ్ల తరగతి కాగితం కూడా దీనికే సులువుగా దొరుకుతుంది. లోపం ఎక్కడుందంటే, రాతి బొమ్మ పైనే అచ్చు వేసి ఉంటుంది. అంచు పెచ్చు లేస్తే లోపలి రంగు బయటపడుతుంది. అందుకే శాంపిల్ ముక్కని పక్కకి తిప్పి లోపలి రంగు పైరంగుకి దగ్గరగా ఉందో లేదో చూడండి. పరిచాక నాణెంతో ప్రతి పలకనీ నాలుగు మూలలా తట్టండి. గట్టిగా టక్‌టక్‌మంటే సరే. డబడబమని డొల్లగా పలికితే కింద సిమెంటు పూర్తిగా ఆనలేదని అర్థం, ఏ బరువైనా కుర్చీ కాలు పడితే అక్కడే పగులుతుంది. మేస్త్రీ ఇంకా సైట్‌లో ఉండగానే ఆ పలక తీయించి మళ్లీ వేయించండి.

చెక్క కాలికి హాయి. టేకు లాంటి నూనె ఉన్న గట్టి చెక్క తడిని తట్టుకుంటుంది. ఏటా నూనె పట్టించడం, లేచిన పేళ్లని గరుకు కాగితంతో రుద్దడం మీవల్ల అవుతుందనుకుంటేనే పెట్టుకోండి. స్క్రూలు 316 గ్రేడ్ స్టెయిన్‌లెస్ స్టీల్‌వి వాడాలి, నాసిరకంవి తుప్పు పట్టి చెక్క మీద నల్ల చారలు దింపుతాయి. చెక్కపొడి, ప్లాస్టిక్ కలిపి చేసే కాంపోజిట్ పలకలకి పేళ్ల భయం లేదు గానీ, ముదురు రంగువి ఎండలో బాగా కాలిపోతాయి. వాటిని కూడా మధ్యాహ్నం పరీక్ష పెట్టకుండా కొనకండి.

వాలు, గట్టు పక్కన సందు

రాయి ఎంత మంచిదైనా ఈ రెండూ తప్పితే డెక్ నిలవదు. వాలు పూల్ వైపు కాకుండా బయటికి ఉండాలి, మీటరుకి 2 సెంటీమీటర్ల చొప్పున. అంతకంటే తక్కువైతే నీళ్లు నిలిచి పాకుడు పడుతుంది. వర్షం నీళ్లూ మట్టీ పూల్‌లోకి పోకుండా ఉండాలన్నా ఇదే దారి. రసమట్టం పెట్టి ప్రతి రెండు మీటర్లకీ చూడమనండి.

పూల్ గోడ మీద పరిచే గట్టు రాయికీ, దాని పక్కన మొదలయ్యే డెక్‌కీ మధ్య వేలెడు సందు వదలాలి. పూల్ ఒక వస్తువు, డెక్ ఇంకో వస్తువు. రెండూ వేర్వేరుగా కదులుతాయి. ఎండకి డెక్ ఉబ్బి గట్టు రాయిని నెడితే, గట్టు రాయి లేచిపోతుంది, దాని కింద నీటి మట్టం దగ్గరున్న టైళ్లు కూడా ఊడతాయి. ఈ సందులో సిమెంటు గానీ గ్రౌట్ గానీ నింపకూడదు. నేను చేసే పద్ధతి ఇది. సందుని బ్రష్‌తో పూర్తిగా శుభ్రం చేసి, ఆరనిచ్చి, స్పాంజిలా ఉండే గుండ్రటి ఫోమ్ తాడుని లోపలికి నొక్కుతాను. రెండు పక్కలా రాతి అంచులకి టేపు అంటిస్తాను. తాడు మీద రబ్బరులా సాగే సీలెంట్ నింపి, తడి వేలితో ఒకే ఊపులో చివరిదాకా లాగుతాను. సీలెంట్ తడిగా ఉండగానే అదే రంగు సన్న ఇసుక దాని మీద చల్లి, టేపు తీసేస్తాను. దూరం నుంచి చూస్తే మామూలు సందులాగే ఉంటుంది, నొక్కితే మెత్తగా లోపలికి పోతుంది. కొన్నేళ్లకి ఎండకి గట్టిపడి చిట్లుతుంది, అప్పుడు తీసి కొత్తది వేయాలి. డెక్ చూడ్డానికి పిలిచినప్పుడు నేను ముందు చూసేది ఈ సందునే.

అందం సంగతి

ఇన్ని పరీక్షలు దాటాక మీ ముందు రెండో మూడో ముక్కలు మిగులుతాయి. ఇక కంటికి నచ్చింది తీసుకోండి. ఈ పని మాత్రం తొందరపడకుండా చేయాలి. ముక్కల్ని వారం రోజులు అక్కడే ఉంచి పొద్దున, మిట్టమధ్యాహ్నం, సాయంత్రం లైట్ వేశాక చూడండి. ప్రతిసారీ సగం తడపండి. కొన్ని రాళ్లు తడిస్తే రెండు ఛాయలు ముదురుతాయి. డెక్ ఎప్పుడూ కొంత తడిగా, కొంత పొడిగానే ఉంటుంది కాబట్టి మీరు రోజూ చూడబోయేది ఆ రెండు రంగుల్నీ పక్కపక్కనే. తడిసినప్పుడు తేనె రంగులోకి తిరిగే ఇసుకరాయి ఒకటి ఉంది. పిల్లల పాదముద్రలు దాని మీద ఒక్కొక్కటే ముదురు రంగులో పడి, నెమ్మదిగా ఆరి మాయమవుతుంటాయి. దాన్ని చూస్తూ నేను పని ఆపేసి నిలబడిన రోజులున్నాయి.

పూల్ గుండ్రంగా, వంపులుగా ఉంటే చిన్న రాళ్లు తీసుకోండి. పెద్ద పలకల్ని వంపుకి కోస్తే సన్నటి చీలికలు మిగులుతాయి, అవే ముందు ఊడతాయి. తిన్నని గీతల పూల్‌కి పెద్ద పలకలు హుందాగా ఉంటాయి. చుట్టూ చెట్లుంటే రాలిన ఆకుల మరకలు పడతాయి, అక్కడ ఒకే రంగు రాయి కంటే చారలూ మచ్చలూ కలిసిన రాయి నయం. గట్టు అంచు ఎప్పుడూ గుండ్రంగా నునుపు చేయించండి. చేతులతో పట్టుకుని పైకి లేచేది ఆ అంచునే, కూర్చుంటే తొడల వెనక ఒత్తుకునేదీ అదే.

కొనేటప్పుడు సరుకంతా ఒకే బ్యాచ్‌ది అడగండి. లెక్కకంటే 10 శాతం ఎక్కువ తీసుకోండి, వంపులున్నా ఐమూల వరసలున్నా 15 శాతం. రాయి అయితే నాలుగైదు డబ్బాలు ఒకేసారి విప్పి కలగలిపి పరచమని మేస్త్రీకి చెప్పండి. లేకపోతే ముదురు రాళ్లన్నీ ఒక మూలకి, లేతవన్నీ ఇంకో మూలకి చేరతాయి. మిగిలిన రాళ్లని పారేయకండి, పదేళ్ల తరవాత ఆ రంగు దొరకదు. మా వాళ్ల చేత వాటిని ఫిల్టర్ గదిలో గోడకి ఆనించి పెట్టించి, వెనక వైపు బ్యాచ్ నంబరు పెన్సిల్‌తో రాయిస్తాను.

పని అయిపోయిందని మేస్త్రీ చెప్పిన రోజు డబ్బు లెక్క తేల్చేముందు ఒక బకెట్ నీళ్లు తెచ్చి డెక్ మీద నాలుగైదు చోట్ల కుమ్మరించండి. పదిహేను నిమిషాలు ఆగండి. నీళ్లు ఎటు పారుతున్నాయో, ఎక్కడ నిలుస్తున్నాయో చూసి, నిలిచిన చోటల్లా సుద్దముక్కతో గీత గీయండి. ఆ గీతల లోపలి రాళ్లు తీసి సరిచేయించాకే మిగతా డబ్బు ఇవ్వండి.